రెండు ఫోన్లలో నీలం

నలభై ఏళ్లుగా ఉన్నికి రంగులద్దే ఆ మనిషిని వీధి మొత్తం రంగులాయన అనే పిలిచేది. ఇంటి వెనక రేకుల షెడ్డులో మూడు తొట్లు, ఒక పొయ్యి, పైన తాళ్ల మీద చుట్టలుగా వేలాడే తడి ఉన్నిదారం చిలపలు. పొద్దున్నే ఆవిరి లేచి షెడ్డంతా కమ్ముకుంటే ఆయన చేతులు మాత్రమే కనిపించేవి, మోచేతుల దాకా నీలంగా, ఎవరివో తెలియనట్టు. అద్దకం ఆయనకు కొట్టిన పిండి. తూకాలూ కొలతలూ వాడేవాడు కాదు. కుడిచేత్తో కర్ర తిప్పుతూ, ఎడమచేత్తో చిలప పైకెత్తి, కుడికన్ను మూసి ఎడమకంటితో చూసేవాడు. కన్ను చాలన్నదాకా రంగు వేసేవాడు.

అన్నిట్లోకీ నీలమంటే ఆయనకు ప్రాణం. తివాచీలు నేసే ఒకావిడ ఏళ్ల తరబడి ఆ నీలం ఆయన దగ్గరే తీసుకునేది. చిలప ఆరగానే ఈయన ఫోన్లో ఫొటో తీసి పంపడం, ఆవిడ బాగుందనడం, అంతే.

ఆ ఏడాది ఆ మాట రాలేదు.

"ఏమండీ, నీలం మరీ ముదిరిపోయింది. నేనడిగింది ఇది కాదు కదా," అందావిడ.

ఆయన చిలప ఎత్తి చూసుకున్నాడు. ఏ లోటూ కనబడలేదు. ఇంకాస్త నీలం పట్టినా బాగుండునేమో అనిపించింది కూడా.

"చిలప బంగారంలా ఉందమ్మా. ఈ ఫోనే అబద్ధాలాడుతోంది."

రెండోసారీ అదే మాట. మూడోసారి ఆవిడ బదులే ఇవ్వలేదు. ఆయనకు ఒళ్లు మండి, మొరాయించిన రేడియోను కొట్టినట్టు ఫోన్ని బల్లకేసి రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకి అద్దం పగిలి ఊరుకుంది.

కొత్త ఫోన్ కొనాలనగానే ఇల్లు రెండు పార్టీలైంది.

"నాన్నా, కళ్లు మూసుకుని ఐఫోన్ తీసుకో. ఆరేడేళ్లు తిరిగి చూసుకోనక్కర్లేదు," అంది కూతురు.

సరుకుల వ్యాను నడిపే బావమరిది ఒంటికాలి మీద లేచాడు. "దాని మాట వినకు బావా! ఇన్నాళ్లూ వాడింది ఆండ్రాయిడే కదా, చేతికి అలవాటైపోయింది. ఇప్పుడెందుకు మళ్లీ అఆలు దిద్దుకోవడం? పైగా ఇందులో ఏదైనా మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు."

"నువ్వు మార్చుకుంటూనే ఉంటావు మావయ్యా, వాడేదెప్పుడు?"

రంగులాయన భార్య మూల కూర్చుని చిక్కుపడ్డ చిలప విడదీస్తోంది. ఆవిడనెవరూ అడగలేదు.

"నా నీలాన్ని నీలంగా చూపించేదే కొంటా," అని ఆయన తేల్చేశాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ ఒక చిలప సంచిలో పెట్టుకుని ఫోన్ల కొట్టుకి వెళ్లారు. చుట్టూ గాజు గోడలు, నీళ్ల అడుగున ఉన్నట్టు వెలుతురు. ముక్కు చివర కళ్లజోడుతో ఉన్న కొట్టావిడ రెండు రకాల ఫోన్లూ తెచ్చి, చిలపని కిటికీ దగ్గర పెట్టి, రెంటితోనూ ఫొటో తీసిచ్చింది. ఆయన చేతికొకటి పట్టుకున్నాడు. కుడిచేతి ఫోన్ని కుడికంటితో చూశాడు. ఎడమచేతి ఫోన్ని ఎడమకంటితో చూశాడు.

"ఈ కుడిచేతిది నిక్కచ్చిగా ఉంది. ఎడమచేతిది, అబ్బే, టీ ఒలికిన గుడ్డలా ఉంది."

కొట్టావిడ రెండూ చూసి తల అడ్డంగా ఊపింది. "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయండీ. ఏదీ, ఒకసారి చేతులు మార్చి చూడండి."

మార్చాడు. నిక్కచ్చిగా ఉన్నది మాసిపోయింది, మాసినది తేటపడింది. మళ్లీ మార్చాడు. ఫోన్లు బల్ల మీద పెట్టేసి చిలపనే చేతిలోకి తీసుకున్నాడు. ఎడమకంటికి తను నమ్మిన నీలమే. కుడికంటికి చిక్కటి సిరా.

"మా అమ్మకీ ఇలాగే అయింది," అంది కొట్టావిడ మెల్లగా. "శుక్లమేమో. అదుంటే నీలం పలచబడినట్టు కనిపిస్తుందట. ముందు కంటి డాక్టరుకి చూపించుకోండి. ఫోన్లెక్కడికీ పోవు."

ఆయన నీరుగారిపోయాడు. ఎన్నాళ్లుగా ఇలా? ఎన్ని చిలపలు? దారి పొడుగునా ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి చూసుకుంటూ నడిచాడు. ఒక కంటికి వీధి అప్పుడే కడిగినట్టుంది. ఇంకో కంటికి అదే వీధి పొద్దువాలినట్టు పచ్చగా, తియ్యగా, ఎవరికో వచ్చిన కలలా ఉంది. రెంటిలో తను ఇన్నేళ్లూ బతికింది ఎందులోనో ఆయనకు తోచలేదు.

"దారినపోయే వాళ్లందరికీ అలా కన్ను కొట్టకండి, తన్నులు తింటారు," అంది భార్య. నవ్వుతూనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

శుక్లమేనన్నాడు డాక్టరు. ఆపరేషనైన మర్నాడు కట్టు విప్పితే గోడలు, దుప్పట్లు, కిటికీ బయటి గాలి కూడా నీలం కలిపినట్టు తోచాయి. ఆయన భార్య శాలువా వైపు వేలు చూపించాడు.

"అది ఆకుపచ్చది కదా?"

"నీలం. పదేళ్ల కిందట మీరే అద్దిచ్చారు. ఆకుపచ్చ శాలువా అని మీరంటుంటే వేళాకోళమనుకున్నా."

ఆయన ఆ అంచు వేళ్ల మధ్య పట్టుకుని కిటికీ వెలుగులోకి తిప్పి చూసుకున్నాడు.

ఇంటికి రాగానే భార్య ఫోన్లోంచి తివాచీలావిడతో మాట్లాడాడు. "తప్పు నా కంటిదేనమ్మా. ఆ ఫోన్ పాపం నిజమే చెప్పింది."

"అయితే మళ్లీ అద్దండి. నేనాగుతాను," అందావిడ.

వారం తరవాత నలుగురూ కొట్టుకి వెళితే రెండు ఫోన్లూ ఆయన రెండు కళ్లకీ ఒకే నీలం చూపించాయి. ఇక ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు. కూతురు ఒక పక్క, బావమరిది ఒక పక్క ఊపిరి బిగబట్టారు. ఆయన భార్య వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు."

ఆవిడ ఉలిక్కిపడింది. ఆనక సర్దుకుని, "నాకు వచ్చింది ఆండ్రాయిడే. అదే తీసుకోండి. మీకేదైనా తెలియకపోతే నేను చెబుతా. అమ్మాయి ఆఫీసులో ఉంటుంది, తమ్ముడు రోడ్డు మీద ఉంటాడు. షెడ్డులో ఉండేది మనిద్దరమే కదా," అంది.

బావమరిది ఊరేగింపు తీసినంత పని చేశాడు. కూతురు మొహం మాడ్చుకుంది కానీ అమ్మ మాటకి ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు చిలప ఎత్తినప్పుడు ఆయన రెండు కళ్లూ తెరిచే చూస్తాడు. అయినా ఒక్క క్షణం ఆగి, "ఏమంటావ్?" అని ఆవిరిలోకి అడుగుతాడు. అవతలి నుంచి, "నీలం ఇంకొంచెం తగ్గించండి," అని భార్య గొంతు వినబడుతుంది.