కాలర్ పిన్ని మూడు సెకన్లు

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో నా ఉద్యోగం ఏమిటంటే, కుట్టేవాళ్ళ వెనక స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడటం. ఏ చెయ్యి ఎక్కడ ఎన్ని సెకన్లు వృథా చేస్తోందో కాగితం మీద రాయాలి. నేను రాగానే మాటలు ఆగిపోతాయి. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఇంకో మనిషి కూర్చోగా నేను చూడలేదు. పోనీలెండి, అలవాటైపోయింది.

కాలర్ పిన్ని సంగతి చెప్తాను. పందొమ్మిదేళ్ళుగా కాలర్లే కుడుతోంది, అందుకే ఆ పేరు. చిన్నా పెద్దా అందరికీ పిన్నే. భర్త పోయాడు, పిల్లల్లేరు, మందుల షాపు మీద ఒంటిగది. కాలర్ కుట్టడం అవగానే పక్కకి తిరిగి, దాన్ని చొక్కాకి అతికించే ఆవిడ చేతికి ఇచ్చేది. ఇస్తూ ఏదో ఒక మాట అనేది. "ఇందా." "నీళ్ళు తాగావా?" "మా కుళాయి మళ్ళీ కారుతోందే." ఆ మిషన్ల రొదలో అలా తిరిగితే తప్ప మాట వినపడదు. పక్కావిడ "ఊఁ" అనేది. అంతే, మళ్ళీ ఎవరి కుట్టు వాళ్ళది.

నా దిక్కుమాలిన వాచీకి అది మూడు సెకన్లు. రోజుకి ఐదొందల కాలర్లు, అంటే ఇరవై ఐదు నిమిషాలు. రెండు మిషన్ల మధ్య ఏటవాలుగా ఒక నున్నటి చెక్క పెట్టించాను. కాలర్ వదిలితే చాలు, అదే జారుకుంటూ పోతుంది. రోజుకి పాతిక కాలర్లు పెరిగాయి. మేనేజరు భుజం తట్టాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు నేనూ పొంగిపోయాను.

వారం తర్వాత పిన్ని నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"బాబూ, ఆ చెక్క తీసెయ్యవా?"

"ఏం పిన్నీ, చేతికి తగులుతోందా?"

"తగలడం కాదు. ఇంటికెళ్తే గోడలు, ఇక్కడ చెక్క. పొద్దుట్నుంచీ నోరు విప్పలేదు. ఇప్పుడు మాట్లాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆ ఐదొందల పాతికా చెక్క లేకుండానే ఇస్తాను, సరేనా?"

నాకు సిగ్గేసింది. మూడు రోజులు చెక్క తీయించి చూశాను. పిన్ని మంచినీళ్ళకి కూడా లేవలేదు. మొదటి రోజు ఐదొందల పదకొండు, రెండో రోజు ఐదొందల పందొమ్మిది, మూడో రోజు ఐదొందల ఇరవై ఆరు. సూది గుచ్చుకుని చూపుడువేలికి పట్టీ పడింది. అయినా ముక్కముక్కకీ ఓ మాట చెబుతూనే ఉంది. కాగితం చూసి మేనేజరు, "అంకె వస్తే నాకేం, చెక్క ఉంటే ఎంత, పోతే ఎంత. నీ ఇష్టం," అన్నాడు.

తీసుకోవడానికి పక్కావిడ కూడా చెయ్యి చాచాలి కదా, ఓ మాట అడుగుదామని వెళ్ళాను.

"చెక్క తీసెయ్యకండి సార్," అందావిడ. "అది వచ్చాకే నా భుజం నొప్పి తగ్గింది, ఈ మూడు రోజుల్లో మళ్ళీ మొదలైంది. ఇంకోటి, పిన్ని మంచిదే, కాదనను. కానీ రోజుకి ఐదొందలసార్లు ఊఁ కొట్టలేక నా ప్రాణం విసిగిపోయేది. ఈ మాట తనతో అనకండేం."

ఆవిడ మీద కోప్పడదామంటే నాకు నోరు రాలేదు. భుజానికి రాసుకున్న నొప్పి మందు వాసన గుప్పున కొడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే చెక్క మళ్ళీ బిగించాం. పిన్ని మిషన్ ముందు నిలబడి దాన్నే చూస్తోంది.

"మేనేజరు ఒప్పుకోలేదు పిన్నీ," అన్నాను.

"అంకె చూపించావా?"

"చూపించాను."

"ఎంత ఇచ్చినా మీవాళ్ళ కడుపు నిండదు," అని స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత పక్కావిడ ఇంకా రాలేదు కదా అని ఓసారి అటు చూసి, గొంతు తగ్గించింది.

"ఈ సంగతి తనకి నువ్వే చెప్పు బాబూ. కాస్త మెల్లగా చెప్పు. పాపం, నాకంటే తనే ఎక్కువ ఆశ పెట్టుకుని ఉంటుంది."

చెప్తానన్నాను.