రేకుకూ చెక్కకూ నడుమ

ఎమ్మిగనూరుకు రైలు లేదు. తనకు వచ్చిన కష్టాలన్నిట్లోనూ ఇదే పెద్దదన్నట్టు మాట్లాడేవాడు మా అన్న. దగ్గుతో మనిషి సగమైపోయాడు, మిల్లులో పని పోయింది, పెళ్ళాం బిడ్డ దూరమయ్యారు. అవన్నీ పక్కన పెట్టి, "ఆడ రైలు లేదు కదమ్మీ, పిల్లోడు ఏం సూస్తాడు?" అని నన్ను అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. "మగ్గాలు సూస్తాడు లే" అనేదాన్ని.

యాభైల నడిమి కాలం అది. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో మా ఇల్లు. నాయన ముందే పోయాడు. అన్న మిల్లులో ఫిట్టరు. ఆవిరి గొట్టాలు, బెల్టులు, బోల్టులు ఆయన పని. అదే మిల్లు ఆవరణలో ఆడవాళ్ళతో కూర్చుని పత్తి ఏరడం నా పని. పత్తి దుమ్ము అందరం మింగాం, రోగం మాత్రం అన్నకే వచ్చింది. ఆస్పత్రిలో క్షయ అన్నారు. పసిబిడ్డను దగ్గరికి రానివ్వొద్దన్నారు. వదినది ఎమ్మిగనూరు, మగ్గాల ఇంటి పిల్ల. కొడుకును చంకనెత్తుకుని ఏడ్చుకుంటూ పుట్టింటికి పోయింది. ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. అట్లా మాట్లాడినవాళ్ళెవరూ మా అన్న పక్కన కూర్చుని ఒక్కపూట గంజి తాగించినవాళ్ళు కాదు, అందుకని ఆ మాటలు నేను చెవిన పెట్టలేదు.

పెరట్లో కొట్టం బాగుచేసి అన్నకు అక్కడ మంచం వేసింది మా అమ్మ. అన్న కంచం వేరు, గ్లాసు వేరు. తిన్న కంచం, తాగిన గ్లాసు ఎత్తి అరుగు మీద పెట్టి, సలసల కాగే నీళ్ళు వాటి మీద గుమ్మరించేది. అందుకోసం పొయ్యి మీద ఒక ఇత్తడి తపేలా ఎప్పుడూ కాగుతూనే ఉండేది. కన్నకొడుకు ఎంగిలికి భయపడాల్సి వచ్చిందే అని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకునేది.

అంతకు ముందు, ఒంట్లో బాగున్న రోజుల్లో, అన్న కొడుకును భుజాల మీద ఎక్కించుకుని సాయంత్రం పూట రైలు కట్ట దగ్గరికి పోయేవాడు. పత్తి బేళ్ళు ఎక్కించుకున్న గూడ్సు, బొంబాయి వైపు పోయే బండి, మద్రాసు వైపు పోయే బండి, అన్నీ చూసి చీకటి పడే వేళకు తిరిగి వచ్చేవాళ్ళు. ఎమ్మిగనూరు పోయాక వాడు రైలు కావాలని అన్నం ముందర ఏడుస్తున్నాడని కబురొచ్చింది. ఆ కబురు విన్న రోజే అన్న మంచం దిగాడు. "పుష్యమాసంలో ఎమ్మిగనూరు జాతర వస్తాది. ఆ పొద్దుకు పిల్లోనికి రైలుపెట్టె పంపిస్తా" అన్నాడు.

"ఇంజనో?" అని అడిగాను.

"ఇంజను వాడే గదమ్మీ. దారం కట్టి లాగేది వాడు. వెనక పెట్టె ఉంటే సాలు."

గోడలకు టీపెట్టె చెక్క, పైకప్పుకు నూనెడబ్బా రేకు, కిటికీలకు అభ్రకం, చక్రాలకు మగ్గాల కండెల నుంచి కోసిన బిళ్ళలు, లోపల సీట్లకు అమ్మ పాతచీర ముక్క, తలుపుల అంచులకు సైకిలు ట్యూబు. ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చింది నేను. కోయడం, చెక్కడం అన్నకు వెన్నతో పెట్టిన విద్య. చిక్కంతా అతకడంలో వచ్చింది. చెక్కను చెక్కకు ఎవడైనా అతికిస్తాడు. రేకును చెక్కకు అతికించి, అది ఎమ్మిగనూరు రోడ్డు మీద బస్సు కుదుపుకు ఊడకుండా ఉండాలి.

"రేకు ఎండకు సాగుతాది, సెక్క ఎండకు ముడుసుకుంటాది. రెండిటికీ పొత్తు కుదరదు. నడుమ ఉండేది రెండిటి మాటా వినల్ల" అన్నాడు.

"అత్తాకోడళ్ళ నడుమ నువ్వు ఉండ్లేదా, అట్లనా?"

"నేను నిలిసినానా? ఊడొస్తి గదమ్మీ" అని నవ్వాడు. ఆ నవ్వు చివర దగ్గు వచ్చింది. వేళాకోళం ఎందుకు ఆడానా అనిపించింది.

వడ్రంగులు దేనికైనా వజ్రమే పెడతారు. తోళ్ళూ ఎముకలూ ఉడకబెట్టి చేసే బంక అది. మేం మెడలో లింగం కట్టుకునేవాళ్ళం. ఒంటికి బలానికి గుడ్డు పెట్టమని డాక్టరు చెప్తేనే గడప దాటి రానీయని ఇల్లు మాది. అన్న ఆశ కొద్దీ ఎవరిచేతనో చిన్న ముక్క తెప్పించి, మూకుట్లో వేసి కొట్టంలో ఉడకబెట్టాడు. వాసన దాగుతుందా? అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "నీ పానం నిలబెట్టమని నేను దేవునికి మొక్కుతాంటే నువ్వు ఇంట్లో తోలు ఉడకబెడతావేమప్పా?" అని మూకుడుతో సహా దిబ్బలో పారేసి, పెరడంతా పేడనీళ్ళు చల్లింది. దేవుడి ముందర అమ్మ తన కోసం కూడబెడుతున్న పుణ్యం ఎక్కడ తరిగిపోతుందో అన్నట్టు అన్న చూశాడు.

వజ్రం పోయాక మిగిలినవి పట్టుకున్నాడు. లక్క అభ్రకాన్ని చెక్కకు బాగా పట్టింది గానీ రేకు మీద పెళుసు. తుమ్మబంక కాగితానికే తప్ప బరువుకు పనికిరాలేదు. సైకిలు సొల్యూషన్ ట్యూబు ముక్కల వరకు సరిపోయింది. మా సందు మొదట్లో కంబళ్ళు నేసే ఒక అవ్వ ఉండేది. కంబళికి బిగువు రావడానికి చింతగింజలు వేయించి, పొట్టు తీసి, తిరగట్లో విసిరి గంజి కాచి పూసేది. ఆ గంజి చిక్కగా కాచి తెమ్మన్నాడు. ఇటికపొడితో రేకును గీకి గరుకు చేసి, రేకుకూ చెక్కకూ నడుమ పలచని గుడ్డ పెట్టి, రెండు పక్కలా ఆ గంజి పట్టించాడు. "గుడ్డ రెండిటికీ సుట్టం" అన్నాడు. అది పట్టిన పట్టు నేనే చూశాను. గోరు దూరలేదు.

ఇక పరీక్షలు. మిద్దె మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టమన్నాడు. సాయంత్రం దింపి జల్లెట్లో వేసి ఊపమన్నాడు. రాయి కట్టి వేలాడదీయమన్నాడు. పత్తి ఏరి చేతులు పడిపోయి ఇంటికి వచ్చినదాన్ని, జల్లెడ ఊపుతూ తిట్టుకునేదాన్ని. ఆయన మంచం మీద నుంచి, "ఇంగ కొంచెం, బస్సు అంతకన్నా ఊపుతాది" అనేవాడు. ఎండ, కుదుపు, దుమ్ము, పిల్లవాడు ఎత్తి పడేయడం, అన్నీ తలుచుకున్నాడు. ఆ నెలల్లో అన్న మొహంలో కళ వచ్చింది. రోగం తిరుగుముఖం పట్టిందనే నేను నమ్మాను.

జాతర ముందర నన్నే పంపించాడు. పెట్టె చుట్టూ పత్తి పెట్టి, తువ్వాల్లో మూటగట్టి, దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకున్నాను. పాలగ్లాసు పట్టుకున్నంత భద్రంగా పట్టుకున్నాను. ఎమ్మిగనూరులో దిగి విప్పి చూస్తే ఒక్క అతుకు కదలలేదు.

వదిన వాళ్ళింట్లో మగ్గాలు ఆడుతున్నాయి. మూట విప్పగానే పిల్లవాడు, "రైలు!" అని అరుస్తూ ఉరికి వచ్చాడు. వదిన వాణ్ణి నడుం పట్టుకుని ఆపింది. పెట్టెను చూసి ఆమె కళ్ళు నిండాయి. కిటికీలు తాకింది, చక్రం తిప్పింది. "ఉండు నాయినా, ఒగ్గడియ" అని లోపలికి తీసుకుపోయింది. చూపించడానికేమో అనుకున్నాను. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. పెట్టెను పళ్ళెంలో పెట్టి చెంబెడు పైనుంచి పోసేసింది.

నేను నోరు తెరిచే లోపలే అంతా అయిపోయింది. రేకు జారి పక్కకు పడింది. చింతగింజల గంజి మళ్ళీ గంజే అయ్యి పళ్ళెంలో పారింది. లక్క మెత్తబడి అభ్రకం ముక్కలు నీళ్ళ మీద తేలాయి. పిల్లవాడు పళ్ళెంలోకి తొంగిచూసి, "రైలు యాడమ్మా?" అన్నాడు.

వదిన ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే కూలబడింది. "నేనేం సేస్తి అమ్మీ, ఆయప్ప సెయ్యి తగిలింది గదా అని... పిల్లోడు నోట్లో పెట్టుకుంటాడని..." ఆమెను ఏమని అంటాను? మా ఇంట్లో పూటపూటా మేం చేసేది అదే.

ఆదోనికి వచ్చేటప్పటికి అన్న గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని కొట్టం వాకిట్లో నిలబడి ఉన్నాడు. "రేకు నిలిసిందా?" అని అడిగాడు. పిల్లవాడు బాగున్నాడా అనే మాట దాని తర్వాత వచ్చింది. దాచాలని దారంతా అనుకున్నాను, ఆ మొహం చూశాక నావల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

అన్న పొయ్యి మీద కాగుతున్న ఇత్తడి తపేలా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు.

"పొద్దున లేస్తే నా గలాసు మీద పోసేది ఆ నీళ్ళే గదమ్మీ. ఎండ తలుసుకుంటి, బస్సు తలుసుకుంటి, ఇది తలుసుకోలే. ఆ పెట్టె సేసేటప్పుడు నాకు రోగముందనే మతికి రాలే సూడు."

నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అన్న ఏడవలేదు. మర్నాడే మళ్ళీ చెక్క కోయడం మొదలుపెట్టాడు.

ఈసారి వెతుకులాట లేదు. మిల్లులో ఆవిరిగొట్టాల అతుకులకు సఫేదా అనే తెల్లముద్దను అవిసెనూనెతో పిసికి, జనపనారతో చుట్టి బిగించేవాళ్ళు. "ఆవిరికే ఊడదు, మీ వదిన సెంబు నీళ్ళకు ఊడతాదా?" అన్నాడు. మరి మొదటే ఎందుకు పెట్టలేదని కసిరాను. "అది తొందరగా ఆరదమ్మీ, జాతరకు అందదని" అన్నాడు. ఆ నూనె వాసనకు దగ్గు పొర్లుకొచ్చేది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేశాడు. అమ్మ వద్దని బతిమాలింది, నేను తిట్టాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

పెట్టె పూర్తయ్యింది గానీ అతుకులు ఆరలేదు. కొట్టం గోడగూట్లో పెట్టి, పొద్దున్నే అంచున గోరు గుచ్చి చూసుకునేవాడు. గోరు దిగేది. "ఇంగా పచ్చిగనే ఉండాది" అనేవాడు. రానురాను లేచి గూటి దాకా పోలేక నన్ను గుచ్చి చూడమనేవాడు. ఒక రోజు నేను విసుగ్గా, "ఎప్పుడు ఆరుతాదిది?" అన్నాను. "దానికేం తొందర? తొందర నాకు" అన్నాడు. ఎండలు ముదరకముందే పోయాడు. పోయిన పొద్దున కూడా నేను గోరు గుచ్చి చూశాను. దిగింది.

మాలో కాల్చరు, మట్టి చేస్తారు. ఆ పని అయిన మర్నాడు అమ్మ అన్న చాప, దుప్పట్లు, చొక్కాలు సందు చివర కుప్పవేసి నిప్పు పెట్టబోయింది. కుప్ప మీద రైలుపెట్టె కూడా ఉంది. నేను లాక్కున్నాను. "రోగం దానిమింద కూడా ఉంటాది" అంది అమ్మ. "ఇది ఇంగా ఆరలే" అన్నాను. నాకు తోచిన మాట అదొక్కటే. అమ్మ నన్ను వింతగా చూసి, చేతులు వదిలేసి ఏడ్చింది. పెట్టెను తీసుకుపోయి మళ్ళీ కొట్టం గూట్లోనే పెట్టాను. ఆ ఎండాకాలం పనికి పోయేముందు రోజూ గోరు గుచ్చేదాన్ని. ఒక పొద్దున గోరు దిగలేదు, విరిగింది.

అదే వారం ఎమ్మిగనూరు పోయాను. వదిన పెట్టెను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దమ్మీ, మళ్ళా నా సేత్తో..."

"నీళ్ళు కాంచు వదినా" అన్నాను. "కాంచి పొయ్. ఆయప్ప దానికే సేసినాడు."

వదిన ఏడుస్తూనే పోసింది. ఆవిరి మొహాలకు కొట్టింది. రేకు కదలలేదు. అభ్రకం కదలలేదు. పెట్టెను తిరగేసి మిగిలిన నీళ్ళూ పోసింది. పిల్లవాడు ఈసారి ఉరికి రాలేదు, గుంజ పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. కొంగుతో తడి తుడిచి వదిన వాడి చేతుల్లో పెట్టింది. వాడు కాసేపు నమ్మలేదు. తర్వాత దారం కట్టుకుని, కూ అంటూ మగ్గాల నడుమ లాక్కుంటూ తిరిగాడు.

బస్సులో కూర్చున్నాక నాకు ఆత్రం ఆగలేదు. ఏ అతుకు ఎట్లా నిలిచిందో, ఎన్ని చెంబులు పోసిందో, వాడు ఎట్లా కూతపెట్టాడో వరుసగా చెప్పాలని కూడబలుక్కున్నాను. ఆదోనిలో దిగి గబగబా ఇంటికి నడిచాను. చేతిసంచి కూడా దించకుండా, "ఊడలేదన్నా" అంటూ పెరట్లో కొట్టం తలుపు తోశాను.