చాచా అడిగిన వాన ఫొటో

మా పక్కింటి చాచా ఇక లేరన్న కబురు, ఫలక్‌నుమాలో రైలు దిగుతుంటే తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. వానలింకా మొదలు కాలేదు. ఏడుపుకంటే ముందు నాకు తోచింది, మరి తమ్ముడు కొనాలనుకున్న ప్లాటు మీది ఆ నల్లమచ్చ సంగతి ఎవరు తేలుస్తారని. ఆయన వింటే నవ్వేవారు. ఆ ప్రశ్నల పిచ్చి నాకు అంటించింది ఆయనే.

చాచా ఉద్యోగమంతా ఉపగ్రహాలు తీసిన భూమి బొమ్మలతోనే గడిచింది. రిటైరయ్యాక కూడా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, అడిగినవాళ్లకల్లా వాళ్ల ఊరిని పైనుంచి చూపించేవారు. "ఇవన్నీ ఎక్కడ దాస్తరు చాచా?" అని ఒకసారి అడిగాను.

"ఒక్క దగ్గర ఎందుకుంటయి బేటీ? కొన్ని మన దేశంల, కొన్ని సముద్రం అవతల. ఎవరి బొమ్మలు వాళ్లింట్లనే ఉంటయి. కానీ ఒక్క తలుపు కొడితే, అంటే ఒక్క తాన వెతికితే, అన్ని ఇండ్లు పలకాలె. మేం చేసిన పని గదే."

నేను అప్పటిదాకా అవన్నీ ఏదో పెద్ద బీరువాలో ఉంటాయనుకున్నాను.

మా గల్లీలో రంజాన్‌కు చాచీ పంపే షీర్‌ఖుర్మా పాయసం గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లదు. మేం సకినాలో పులిహోరో పెట్టి పంపుతాం. చాచా తన బొమ్మలకూ అదే రివాజు పెట్టారు. పైనుంచి తీసిన బొమ్మ అడిగినవాళ్లు, అదే చోట నేల మీద నిలబడి తీసిన ఫొటో తెచ్చివ్వాలి. దాన్ని ఆయన ఇంటర్నెట్‌లో అందరూ చూసే చోట పెట్టేవారు. "ఎక్కడో కూసున్నోనికి గది చెరువో, చేనో ఎట్ల తెలుస్తది?" అనేవారు. దానికంటే సకినాలు చుట్టడమే సులువని మా అమ్మ గొణిగేది.

ఈ ఎండాకాలం తమ్ముడు జల్‌పల్లిలో ప్లాటు చూసుకున్నాడు. సొంతిల్లు వాడికి ఎన్నాళ్ల ఆశో. చాచా ఆ చోటి బొమ్మలు వెతికారు. ఎండాకాలానివన్నీ ఎండిన నేల, వానాకాలానివన్నీ మబ్బులే. చివరికి మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ పోయిన వానాకాలంలో తీసిన బొమ్మ ఒకటి వేరే దేశపు కంప్యూటర్ నుంచి దించారు. ప్లాటు ఉన్నచోట నల్లమచ్చ.

"నీళ్లా చాచా?" తమ్ముడు తెర మీదికి వంగాడు.

"నీళ్లు గిట్లనే కనబడ్తయి. చదునుగున్న నేల గూడ గిట్లనే కనబడ్తది. అబద్ధమెందుకు, నాకు పక్కా తెల్వదు. ఒక్క వాన చూసి కొను. ఫొటో తెచ్చుడు మర్వకు."

అమ్మేవాళ్లు తొందరపెడుతున్నా తమ్ముడు ఆగాడు. చాచా ఆగలేదు. ఆయన లేని లోటు నాకు ప్రశ్న వచ్చినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

మొదటి పెద్దవానకు తమ్ముడు జల్‌పల్లి వెళ్లాడు. ప్లాటు హద్దురాళ్ల తలలు మాత్రమే నీళ్లపైన ఉన్నాయట. రోడ్డు మీద నిలబడి ఫొటో తీసి, ప్రింటు కూడా తీయించుకొచ్చాడు. మా ఇంట్లో ఉండిపోయిన చాచీ గిన్నెలో అమ్మ పులిహోర పెట్టింది. రెండూ తీసుకుని వెళ్లాం.

కంప్యూటర్ వైపు ఎన్నడూ తొంగిచూడని చాచీ, కళ్లద్దాలు తుడుచుకుని ఫొటో పట్టుకుంది. "ఆయన చెప్పిన నలుపు గిదేనా?"

"గిదే చాచీ. మునిగిపోకుంట బచాయించిండు నన్ను."

"అయితే అందరు చూసే తాన పెట్టు బేటా," అంది.

తర్వాత ఆ ప్రింటును తీసుకెళ్లి చాచా కంప్యూటర్‌కు ఆనించి నిలబెట్టింది. వెనక తెర నల్లగా ఉంది. దాని ముందు, నీళ్లలో, హద్దురాళ్ల తలలు.