ఎలుగుబంటి గొడుగూ, నా నోటిదురుసూ

ఇది చదివాక మీరు నవ్వుతారు. నవ్వండి, మా తమ్ముడు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. పాతికేళ్లు వెతికినది నడిచి నా దగ్గరకొస్తే, దాన్ని ఇంగ్లీషులో, ఒక్క అచ్చుతప్పు లేకుండా తిట్టి తరిమేసిన ఘనత నాది.

మాది కలకత్తా రేవు పక్కనున్న గార్డెన్ రీచ్. నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి డాకులో బరువులు మోసేవాడు. విదేశీ ఓడలవాళ్లు పారేసిన అగ్గిపెట్టెలు నాకోసం ఏరుకొచ్చేవాడు. వాటి మీది బొమ్మలు తడిపి, ఊడదీసి, నోటుబుక్కులో అంటించడం నా పిచ్చి. నా తొమ్మిదో ఏట ఒకటి తెచ్చాడు. గొడుగు పట్టుకున్న ఎలుగుబంటి!

"సూసేవా, దీనికున్న తెలివి మనకి నేదు. నెలరోజులుగా తడుస్తన్నాం," అన్నాడు.

మర్నాడు అమ్మ ఆ పెట్టెలో మిగిలిన ఒక్క పుల్లతో కుంపటి ముట్టించి, పెట్టెని కూడా కుంపట్లోనే పడేసింది. నేను ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను.

"ఏడవకే గుంటా, ఆ ఓడ మళ్లీ వస్తాది. తెస్తాను," అన్నాడు నాన్న.

ఓడ రాలేదు. మూడేళ్లకి నాన్నా పోయాడు.

సందుకో ఇంటర్నెట్ కొట్టు వెలిసిన రోజులకి నేను ఒక ఆఫీసులో టైపిస్టుని. అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసేవాళ్ల పేజీ ఒకటి కనబడితే, "గొడుగు ఎలుగుబంటి కావలెను" అని రాసి పెట్టాను. ఇక చూడండి, బెల్లం చుట్టూ ఈగల్లా మెయిళ్లు! ఏ దేశపుదో ఒక రాణిగారు, చనిపోయిన భర్త దాచుకున్న పదివేల బొమ్మలూ నాకే రాసిచ్చేస్తానంది. నేను బీరువా పెట్టడానికి గోడ కొలుస్తుంటే తమ్ముడొచ్చాడు. వాడు సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగి.

"ఏటప్పా ఇది? రాణీ లేదు, బొమ్మలూ లేవు. అంతా దొంగలు!"

"మరెలా తెలుస్తాదిరా?"

"ఎరగనోడు ప్రేమగా రాస్తాడు. ఊరికే ఇచ్చేస్తానంటాడు. ఆనక అడ్రస్ అడుగుతాడు. అంతే, నమ్మీకు!"

సరిగ్గా వారానికి ఒక మెయిలొచ్చింది. "ప్రియమైన చెల్లీ, నా దగ్గర ఆ ఎలుగుబంటి రెండున్నాయి. ఒకటి నీకు ఊరికే పంపిస్తాను. అడ్రస్ రాయి."

ప్రేమ, ఊరికే, అడ్రస్! పాలకి నోరు కాలినవాళ్లు మజ్జిగ ఊదుకుని తాగుతారంటారు. నేను మజ్జిగ కుండనే నేలకేసి కొట్టాను. "మహాశయా! మీ ఎలుగుబంటినీ, గొడుగునీ, మిమ్మల్నీ కలిపి గంగలో ముంచుకోండి. ఇది కలకత్తా! మాకు మోసాలు నేర్పకండి. మా తమ్ముడు కంప్యూటర్ ఉద్యోగి!" అని టైపు కొట్టి పంపించాను.

రెండు రోజులకి జవాబొచ్చింది. "అమ్మా, నేనూ కలకత్తావాణ్ణే. భవానీపూర్లో ఉంటాను. రిటైరైన స్కూలు మాస్టర్ని. రెండో బొమ్మ నిన్ననే గౌహతిలో ఒకావిడకి పంపేశాను. ఆ కబురు వినగానే ఆవిడ థాంక్యూ అని రాసింది." కింద ఇంటి నంబరు, ఎలుగుబంటి ఫోటో.

ఆ ఫోటో చూసి ఇంటర్నెట్ కొట్లోనే భోరుమన్నాను. కొట్టతను కంగారుపడి, "దీదీ, ఎవరు పోయారు?" అన్నాడు.

ఆదివారం సందేశ్ మిఠాయి పెట్టె పట్టుకుని భవానీపూర్ వెళ్లాను. ఇనప గ్రిల్లు వెనక సన్నటి బెంగాలీ ముసలాయన. నేను ఫలానా అని చెప్పుకున్నాను.

"నమ్మడం ఎలా? ఈరోజుల్లో మోసగాళ్లెక్కువ కదా," అన్నాడు తాపీగా. "ఆ ఉత్తరం రాసింది మీరే అయితే ఒకసారి అప్పజెప్పండి."

"ఇక్కడా?"

"గట్టిగా. నాకు కొంచెం చెవుడు."

వీధిలో నిలబడి, మిఠాయి పెట్టె గుండెలకి హత్తుకుని, నా తిట్లు నేనే ఎలుగెత్తి చదివాను. ఎదుటింటి కిటికీలు ఒక్కటొక్కటే తెరుచుకున్నాయి. గంగలో ముంచేదాకా వచ్చేసరికి ఆయన పగలబడి నవ్వుతూ తాళం తీశాడు.

లోపల ఆల్బం విప్పాడు. ఉంది. ఇన్నేళ్లూ నా తలపుల్లో ఆ గొడుగు ఎర్రగా ఉండేది. చూస్తే నలుపు! ఉండబట్టలేక వంగి వాసన చూశాను. పాత కాగితం వాసన, అంతే. ఏ వాసన వస్తుందనుకున్నానో ఆయన అడగలేదు, అయినా నేనే చెప్పాను. డాకు, వాన, కుంపటి, నాన్న, అంతా.

మాస్టారు చిన్న పట్టకారుతో బొమ్మని మెల్లగా పైకి తీశాడు. "తీసుకెళ్లు."

చెయ్యి చాచాను. అంతలో ఆల్బంలో దాని చోటు ఖాళీగా కనబడింది. "వద్దు మాస్టారూ, ఉండనివ్వండి. మా నాన్న తెస్తానన్నది ఇది కాదు," అన్నాను. బస్సెక్కిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా నన్ను నేనే తిట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

కనుక, సభకి మనవి చేయునదేమనగా, నేటి నుంచీ నా బొందిలో ప్రాణమున్నంత వరకూ, అవతలివాళ్ల గుమ్మం ముందు నిలబడి గట్టిగా చదవలేని మాట ఒక్కటి కూడా ఎవరికీ రాయను. మా తమ్ముడికి తప్ప.