తొట్టి దగ్గర దొరసాని పాలన

చోడవరం చరిత్ర రాయబూనినవారు కోట దగ్గరో, కోట కట్టించిన రాజు దగ్గరో మొదలుపెడుతుంటారు. వారి ఓపిక వారిది. నిష్పక్షపాతంగా ఆలోచిస్తే, ఈ ఊళ్లో ఈమధ్య జరిగిన రక్తపాతానికంతకూ మూలం తాపీమేస్త్రీ ఏసుదానానికున్న ఒక చిన్న అలవాటు. తెల్లారగానే, పళ్లయినా తోముకోకుండా, ఇనప బకెట్టు తలకిందులు చేసి దాని అడుగున కర్రతో టంగుటంగున కొడతాడు. దాణా వస్తోందని పెయ్యలకు తెలియజేయడం ఆయన ఉద్దేశం. పూర్వం యుద్ధానికి ముందు నగారా మోగించేవారట. బకెట్టు చేసిన పనీ అదే.

పెయ్యలు ఐదు. అన్నీ జెర్సీ సంకరం, ఇంకా చూలుకు రాని వయసు. తన వంశంలో ఎవరికీ దక్కని హోదాలన్నీ ఏసుదానం వాటికి పేర్లుగా పెట్టుకున్నాడు: దొరసాని, కలెక్టరమ్మ, టీచరమ్మ, నర్సమ్మ. ఐదోది బుల్లి. దానికి హోదా లేదు, మొక్కుబడి ఉంది. తల్లి చచ్చిపోయి, దూడ లేవలేక పడి ఉన్నప్పుడు, ఏసుదానం ఆదివారం ఆరాధనలో సంఘమంతా వింటుండగా లేచి నిలబడ్డాడు.

"ఇది బతికితే కోత పండక్కి దేవుడికి కానుకిచ్చెస్తాను. మోసుకొచ్చి కాదు. దాని కాళ్ల మీద అదే నడిసొస్తాది" అన్నాడు.

దూడ బతికింది. కోత పండగ నెల్లాళ్లలోకి వచ్చింది. బుల్లి మాత్రం డొక్కలు లెక్కపెట్టడానికి వీలుగా తయారైంది.

కారణం దొరసాని. బకెట్టు మోగిన క్షణాన పెద్ద పెయ్యలు నాలుగూ తొట్టి మీదికి ఒక్కసారిగా విరుచుకుపడేవి. దొరసాని తొట్టికి అడ్డంగా నిలబడి, ఒక బుక్క తిని, ఒక పోటు పొడిచేది. తినడంకన్నా తిననివ్వకపోవడంలోనే దానికి ఎక్కువ తృప్తి ఉన్నట్టు కనిపించేది. నర్సమ్మ చెవి చీలి వేలాడింది. టీచరమ్మ కంటి కింద పోటు పడి, కన్ను వాచి మూసుకుపోయింది. తవుడులో రక్తం చుక్కలు పడితే ఆ తవుడునే మిగతావి నాకేవి. బుల్లి తొట్టి దరికే వచ్చేది కాదు. మధ్యాహ్నం అవన్నీ పడుకుని నెమరు వేస్తున్నప్పుడు దొంగలా వచ్చి, అడుగున మిగిలినదాన్ని నమలకుండా మింగి, ఎవరైనా తల ఎత్తితే చాలు పారిపోయేది.

పక్కింటి పరదేశి చెరుకు రైతు. గోవాడ పంచదార మిల్లుకు చెరుకు తోలగా మిగిలిన మొవ్వ, అంటే చెరుకు తల ఆకు, పెయ్యలకిచ్చేవాడు. ప్రతిఫలంగా గోడ మీదనుంచి యుద్ధం చూసేవాడు.

"ఒరే ఏసుదానం, నీ కానుక నడిసి రాదురా. ఆటో మాటాడుకో."

"నీ నోటికి తాళమెయ్యరా పరదేశీ. దొరసానికి పొగరు. దాన్ని దించెస్తే అన్నీ సక్కబడతాయి."

దించేశాడు. దొరసానికి దేశబహిష్కార శిక్ష విధించి పెరటి వెనక కట్టాడు. అక్కడ దానికి విడిగా పెడితే, పెళ్లిచూపులకు కూర్చున్న పిల్లలా తల వంచుకుని నింపాదిగా తినసాగింది. ఈ మార్పును ఏసుదానం పశ్చాత్తాపమనుకున్నాడు. ఇటు పశువుల సాలలో మర్నాడే కలెక్టరమ్మ అధికారం చేపట్టి, పాత రాణి మరిచిపోయిన పోట్లు కూడా కొత్తగా పొడిచి చూపించింది. దాని మూతికి చిక్కం కట్టాడు. అప్పుడు టీచరమ్మ, ఆ మూసుకుపోయిన కంటితోనే, గద్దెనెక్కింది.

ఇక పాతదే నయమని ఏసుదానం చిక్కం విప్పి, దొరసానిని తిరిగి తీసుకొచ్చి, బకెట్టు మోగించాడు.

ఆ ఉదయం సంగతి పరదేశి ఈనాటికీ గొంతు తగ్గించే చెబుతాడు. దొరసానీ కలెక్టరమ్మా తల తలకు కొట్టుకుంటే గోడ బీట తీసింది. టీచరమ్మ పక్కనుంచి దొరసాని పొట్టలో పొడిచింది. ఆకలికి తాళలేక ఆ రోజే ధైర్యం చేసిన బుల్లి వాటి మధ్య ఇరుక్కుంది. కొమ్ము మొదలంటా విరిగి, రక్తం ముఖం మీదుగా దాణాలోకి కారింది. అది కింద పడితే మీదనుంచి తొక్కేశాయి. ఏసుదానం కర్ర పట్టుకుని మధ్యలో దూకి, ఎదురైనదాన్నల్లా కర్ర విరిగేదాకా బాదాడు. అప్పుడు కలెక్టరమ్మ ఆయన్ని గోడకేసి నొక్కింది. పక్కటెముకలు పటపటమన్న చప్పుడు గోడవతలికి వినిపించింది.

ఆయన ఛాతీకి పట్టీ వేసి మంచాన పడుకోబెట్టారు. బుల్లి కొమ్ము మొదట్లో పసుపు మెత్తి గుడ్డ కట్టారు. ఇక మేత బాధ్యత భార్య మణి మీద పడింది. మణికి ఆ పెయ్యలంటే చచ్చేంత భయం.

"నాను సాలలోకి ఎల్లను. నన్నూ పొడిసెస్తాయి."

"ఎల్లకపోతే బుల్లి సచ్చిపోద్ది కదే!"

మణి వెళ్లింది, లోపలికి కాదు. పరదేశి చేత పెయ్యల్ని పెరట్లోకి వదిలించి, కంచె బయటనుంచి ఇంత మొవ్వ, ఇంత దాణా విసిరింది. ఒక పెయ్య తనవైపు రాగానే కెవ్వుమని పరుగెత్తి, దూరంగా ఇంకోచోట విసిరింది. అక్కడికి మరొకటి వస్తే మళ్లీ పరుగు. అలా కంచె పొడుగునా భయపడుతూ పోయింది. దొరసాని ఒక కుప్ప దగ్గర నర్సమ్మను తరిమితే, నర్సమ్మ వెళ్లి దొరసాని వదిలిన కుప్ప తిన్నది. అటు తిరిగి తరిమేసరికి ఇటు కుప్ప దగ్గర బుల్లి తల వంచింది. కాసేపటికి దొరసానికి ఆయాసం వచ్చింది. ఉన్నచోట నిలబడి తినసాగింది.

మంచం మీద ఏసుదానం చెవులు రిక్కించాడు. పోట్ల చప్పుడు లేదు.

"ఒసే మణీ! సచ్చిపోనాయేటే అన్నీ?"

"తింటన్నాయి."

"తినడమేటి? అరుపుల్లేవేటి?"

"నోట్లో మొవ్వ ఎట్టుకుని ఎలా అరుస్తాయయ్యా? పడుకో."

మణి భయం తగ్గలేదు, ఆ పద్ధతీ మారలేదు. బుల్లి తీరిగ్గా నమిలి మింగడం నేర్చుకుంది. డొక్కలు పూడాయి. కోత పండగనాడు ఒంటి కొమ్ముతో, పసుపు గుడ్డతో, వీధి పొడుగునా నడిచి ప్రార్థన గుడి మెట్ల ముందు నిలబడింది. పరదేశి కూడా వచ్చి, దారిలో ఎక్కడైనా పడుతుందేమోనని చివరిదాకా ఆశగా చూశాడు.

ఏసుదానం పక్కటెముకలు పట్టుకుని సాక్ష్యం చెప్పడానికి లేచాడు. గర్వించిన జంతువుల మీద దేవుడు చెయ్యి చాపిన విధం, తన ఎముకలు విరగడంలోని పరమార్థం, మంచం మీద చేసిన ఉపవాస ప్రార్థనలు, దొరసాని హృదయ పరివర్తన, ఇవన్నీ వివరంగా చెప్పాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పాస్టరుగారు కదిలిపోయి మణివైపు తిరిగారు.

"మీరు కూడా ఒక మాట చెప్పండమ్మా."

మణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకేటి తెల్దండి. బయమేసి దూరందూరంగా ఇసిరేను."

ఆ సాలలో తొట్టిని ఏసుదానం రెండు మూతులు పట్టేలా తన చేత్తోనే కట్టాడు, ఇంట్లో రెండు ఆవులే ఉన్న రోజుల్లో.