కొండ మీద మంచు తక్కువే

తొంభైలలో ఒక జనవరి. సెలవు మీద ఢిల్లీ నుంచి వచ్చి, నాచారంలో ఉన్న అక్క ఇంటికి వెళ్లడానికి ఉప్పల్‌లో సిటీ బస్సెక్కాను. ఒడిలో జామపళ్ల గంప పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నా మఫ్లర్ చూసి, ఎక్కడినుంచి వస్తున్నారని అడిగింది. చెప్పాను. ఏం పని చేస్తారంటే అదీ చెప్పాను. వానలు, మంచు ఎప్పుడు పడతాయో, చలిగాలులు ఎప్పుడు వీస్తాయో ముందుగా అంచనా కట్టి రాసే ఉద్యోగం.

ఆమె గంప కింద పెట్టింది.

"రేడియోల వచ్చేది మీరు రాసిందేనా సారూ? మా పెద్దోడు మిలిటరీల ఉన్నడు, కాశ్మీర్‌ల, కొండ మీద. మంచు పడ్తదని రేడియోల రాంగనే మా ఇంట్ల ఎవ్వరం ముద్ద ముట్టం. నిన్న గూడ వచ్చింది, పొయ్యి ముట్టియ్యలే. జర తక్కువ పడ్తదని రాయుండ్రి."

"నేను రాసినంత మాత్రాన ఆగదమ్మా."

"గది నాకెర్కే. రాయకున్నా ఏం గాదు, ఒక్కసారి నోటితోటి అనుండ్రి."

నిన్న రేడియోలో వచ్చింది, రైలెక్కేముందు నేను రాసిచ్చిందే. నాలుగు రోజులపాటు కొండల మీద మంచు తుపాను.

"తక్కువే పడుతుందమ్మా," అన్నాను.

నాచారంలో దిగుతుంటే నా చేతిలో రెండు జామపళ్లు పెట్టింది.

"ఇయ్యాల పొయ్యి ముట్టిస్త సారూ," అంది.

ఆ పళ్లు నేను తినలేకపోయాను. ఆమె కొడుకు ఏమయ్యాడో నాకు ఎప్పటికీ తెలియలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నా అంచనాలు చాలాసార్లు తప్పాయి. తప్పని తెలిసి చెప్పింది మాత్రం అదొక్కటే.