ఉదయం పాలకీ సాయంత్రం పాలకీ మధ్య

యాభై ఎనిమిదేళ్లు వచ్చినా లోర్నా షెల్‌స్టాడ్ కొండలు చూడలేదు. నెబ్రాస్కా గడ్డిమైదానంలో ఆమెకూ అన్న డోరన్స్‌కూ పాడి ఉంది. ఆవుల్ని తెల్లవారకముందు ఒకసారి, పొద్దు వాలేవేళ ఒకసారి పితకాలి. డోరన్స్‌కు భుజం పట్టేసినప్పటి నుంచి అతనొక్కడివల్ల అయ్యే పని కాదు. కాబట్టి ఆ రెండు పూటల మధ్య ఎంత దూరం వెళ్లి రాగలిగితే ఆమె లోకం అంత.

ఆమెకు రెండు సీట్ల పాత విమానం ఒకటి ఉంది. మోత ఎక్కువ, నడక తక్కువ. పడమటి గాలి ఎదురైతే కింద హైవే మీద గొడ్ల లారీలు దాన్ని దాటిపోయేవి. రన్‌వే పక్క షెడ్డులో కాఫీ తాగే పైలట్లు, నిన్న దాటిపోయిన లారీవాడు చెయ్యూపాడా అని ఆమెను ఆటపట్టించేవారు. లోర్నా నవ్వి ఊరుకునేది. కొండలు ఉన్నది ఆ పడమటి వైపే. రెండుసార్లు బయలుదేరింది. రెండుసార్లూ సగం దారిలో గడియారం చూసి వెనక్కి తిరిగింది.

ఆ వసంతంలో రెండు విమానాలు అమ్మకానికొచ్చాయి. మొదటిదానికి చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి, పాతదానికంటే కాస్త చురుకు. షెడ్డులో అందరూ దాన్నే కొనమన్నారు. కానీ ఎదురుగాలిలో అది కూడా కొండల దాకా పోయి సాయంత్రం పాలవేళకు తిరిగిరాదు. రెండోది హార్లన్ వాస్‌ది. అతను ఒకప్పుడు పొలాలకు మందు చల్లిన పైలట్, తర్వాత ఎందరికో ఎగరడం నేర్పాడు. మోకాళ్లు వంగక, ఆ ఇరుకు సీట్లోకి దూరడం కష్టమై అమ్ముకుంటున్నాడు. అది గాలిలోకి లేవగానే చక్రాలు పొట్టలోకి ముడుచుకుని బాణంలా పోతుంది.

"ఇలాంటివి నడిపేవాళ్లు రెండు రకాలు, లోర్నా," అన్నాడు హార్లన్, దాన్ని నడిపి చూడడానికి ఎక్కిన ఆమె పక్కన మూలుగుతూ కూర్చుంటూ. "చక్రాలు దించడం మర్చిపోయి పొట్ట మీద దిగినవాళ్లు, ముందుముందు దిగబోయేవాళ్లు. నువ్వు ఏ రకంలోనూ చేరకు."

చక్రాలు లోపలికి వెళ్లి కాళ్ల కింద ధబ్బుమన్నాయి. ఆమె కిందికి చూసింది. ఇన్నాళ్లూ వంపు వంపునా వెంటబడి నడిచిన నది, చుట్ట విప్పిన తాడులా కొసదాకా ఒక్కసారే కనిపించింది. పాత విమానంలో ఆమెకు పూర్తి పొద్దు పట్టే దూరం, ఫ్లాస్కులో కాఫీ చల్లారకముందే వెనకబడిపోయింది. ఇంత నేల ఎప్పుడూ ఇక్కడే ఉందా అనుకుంది.

తిరిగొస్తూ ఊరి ధాన్యపు గోదాము తెల్లగా కనబడగానే, ముప్పై ఏళ్ల అలవాటుతో విమానం ముక్కు కిందికి వంచింది. విమానం నెమ్మదించకపోగా ఇంకా ఉరికింది. ఆ ఉరుకులో చక్రాలు దించితే వాటిని మూసే తలుపులు ఊడిపోతాయి. రన్‌వే కింద నుంచి జారి వెనక్కి పోయింది. షెడ్డు ముందు నిలబడ్డవాళ్లు తలలు తిప్పి చూశారు.

"ఊరు వెళ్లిపోయింది," అన్నాడు హార్లన్ నింపాదిగా. "విమానం వచ్చేసింది గానీ నువ్వింకా గోదాము దగ్గరే ఉన్నావు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నాకిది చేతకాదు, నెమ్మదిదే కొనుక్కుంటానంది.

"చేతకాకపోవడం కాదు. నువ్వు ఊరు కనబడ్డాక దిగుతున్నావు. ఇందులో అయితే కనబడకముందే దిగాలి."

"కనబడనిదానికి ఎట్లా దిగేది?"

"అక్కడుందని నీకు తెలుసుగా."

మళ్లీ దూరం పోయి తిరిగారు. ఎదురుగా గడ్డి, ఎండ తప్ప ఏమీ లేవు. చూపు ఇంకా ఏదీ పట్టుకోకముందే, ఆమె లెక్క కట్టి ఇంజను జోరు తగ్గించింది. కాసేపటికి ఆ ఖాళీలోంచి ఊరు, పిలిచినట్టు, సరిగ్గా ముక్కుకింద లేచింది. చక్రాలు దించి దిగింది. హార్లన్ టోపీ సర్దుకున్నాడు.

వేసవంతా అతని పక్కన నేర్చుకుని విమానం కొనేసింది. సెప్టెంబరులో ఒక పొద్దున, పాలు పితికి, బూట్లు కడుక్కుని, ఒంటరిగా పడమటికి బయలుదేరింది.

దూరాన అడ్డంగా తెల్లని మబ్బు కనిపించింది. చాలాసేపు దాన్ని మబ్బనే అనుకుంది. మబ్బులు కదులుతాయి, అది కదల్లేదు. పెరిగింది. కింద పొలాలు పరుగెత్తుకు పోతున్నా అది మాత్రం దగ్గరకు రాకుండా, పైకి పైకి, పక్కకు పక్కకు, అద్దం చాలనంత పెరిగింది. ఇంత వేగంతో పోతున్నా తరగని దూరాన్ని ఆమె మొదటిసారి చూసింది. ఒక చేయి తనకు తెలియకుండానే నోటి మీదికి వెళ్లింది.

ఇంకాస్త ముందుకు పోవచ్చు. గడియారం చూసింది. మెల్లగా వంగి తిరిగింది.

సాయంత్రం డోరన్స్ పాలషెడ్డులో ఆవులను వరసలో నిలుపుతున్నాడు. తల ఎత్తకుండానే, కొండలు ఎట్లా ఉన్నాయని అడిగాడు.

లోర్నా ఆవు డొక్క మీద చెయ్యి వేసి నిలబడింది.

"అవింకా పెరుగుతూనే ఉన్నాయి అన్నయ్యా," అంది. "నేనే వెనక్కి వచ్చేశాను."